రెండింటికీ పనికొచ్చే తుపాకి

మొన్న సంక్రాంతికి అచ్చంపేట దగ్గరున్న మా ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో పండగ మాటల కంటే తుపాకి మాటలే ఎక్కువ నడిచాయి. మా అన్న కూతురు హైదరాబాదులో నా దగ్గరుండి ఇంటర్ చదువుతోంది. రెండేళ్లుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ రేంజిలో అందరూ వాడే రైఫిల్‌తోనే నెట్టుకొచ్చింది. పోటీల్లో ముందుకు పోవాలంటే సొంతది ఉండాలని కోచ్ చెప్పారు. ధర లక్షల్లో ఉంది.

అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నాడు. "కొందాం తియ్యి చెల్లె. కని ఒక్క తుపాకి రెండింటికీ అక్కరకు రావాలె. పిల్ల గురి కొట్టుకోవాలె, నేను పందుల కొట్టుకోవాలె. అసొంటిది సూడు. లచ్చలు వోసి కాయితం మీద సుక్క కొట్టనీకి కొంటమా?"

ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. మా చేను నల్లమల అంచున ఉంది. పల్లికాయ గట్టిపడే వేళకు అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే పొద్దున్నకి చేను దున్నేసినట్టుంటుంది. అన్న మంచె మీద, వదిన గట్టు మీద డబ్బా కొడుతూ తెల్లవార్లూ మేలుకుంటారు. చేను చుట్టూ పాత చీరలు కట్టారు. రంగుల చీరలు గాలికి కదులుతుంటే మనుషులున్నారనుకుని పందులు బెదురుతాయని నమ్మకం. ఆ చీరలన్నీ వదినవే.

ఎంపిక బాధ్యత నా మీద పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాల మీద నేను పిహెచ్.డి. చేశాను. కాబట్టి తుపాకుల సంగతి నాకు తెలిసే ఉంటుందని అన్న నమ్మకం! నిజానికి నేను తుపాకి గురించి నాలుగు వందల పేజీలు రాశాను గానీ తుపాకిని ముట్టుకున్నది మాత్రం మేనకోడలి వెంట రేంజికి వెళ్లాకే.

కోచ్ ఓపిగ్గా వివరించారు. పోటీకి వాడే ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. నిలబడి, కదలకుండా 60 సార్లు కాల్చాలి కాబట్టి ఆ బరువే దానికి నిలకడ. చెంప ఆనే చోటు, భుజానికి ఆనించే బట్, కాల్చే మనిషి ఒంటికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ట్రిగ్గర్ చాలా మెత్తన, వేలు తాకితే చాలు. 10 పాయింట్లు వచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 4.5 మిల్లీమీటర్ల సీసం గుండు కాగితాన్ని శుభ్రంగా తొలవడానికి తల చదునుగా ఉంటుంది.

వేట రైఫిల్ దీనికి పూర్తిగా ఎదురు. గట్ల వెంట మోసుకు తిరగాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. తూటా నింపుకుని నడిచేది కాబట్టి ట్రిగ్గర్ గట్టిగా ఉండాలి. మెత్తటి ట్రిగ్గర్‌తో చీకట్లో చేలో తిరిగితే ముందు పోయేది మనిషి ప్రాణమే. ఒక్క దెబ్బకు జంతువు పడిపోయేంత బలమైన తూటా కావాలి. మధ్యే మార్గంగా .22 రైఫిల్ కొనవచ్చా అని అడిగాను. అది గురికి బాగుంటుంది, పందికి చాలదు. గాయపడ్డ పంది నొప్పితో తిరుగుతూ ఎదురొచ్చిన మనిషిని చీలుస్తుంది. పోనీ .315 రైఫిల్ అంటే పందికి సరిపోతుంది గానీ మా పిల్ల ఆడే పోటీలో దానికి చోటే లేదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో పంట కాపాడుకోవడానికి ఒక తుపాకి పేరు ఉంది. గొట్టం మూతి నుంచి మందు కూరి కాల్చేది, మన దగ్గర భరమారు అంటారే, అది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి నేర్చుకోవడానికి పేర్కొన్నవి వేరే: .22 రైఫిల్, ఎయిర్ రైఫిల్. అంతేకాదు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. పంటను నాశనం చేసే పందినైనా అటవీశాఖ అధికారుల అనుమతి లేకుండా కాల్చకూడదు. చేతిలో తుపాకి ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు.

ఇదంతా తెలిశాక కూడా నన్ను వదలనిది అన్న వాడిన 'రెండింటికీ' అన్న మాట. ఈ మాట నేను ఎక్కడెక్కడ విన్నానో గుర్తు చేసుకున్నాను. నేను లెక్చరర్ ఉద్యోగంలో చేరినప్పుడు చుట్టాలందరూ మెచ్చుకున్నది నా చదువును కాదు. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరొచ్చు, ఇంటికీ ఉద్యోగానికీ రెండింటికీ సరిపోతుందన్నారు. ఆడపిల్ల కోసం ఏది కొన్నా, ఆమె ఏది నేర్చినా, అందులో ఇంటి వాటా ఎంతో ముందే తేలాలి. మా అన్న కొడుకు మోటారు సైకిల్ కొన్నప్పుడు అది పొలానికి పనికొస్తుందా అని ఎవరూ అడగలేదు.

ఆటలోనూ ఆడవాళ్ల వాటా లెక్కగానే ఉండేది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీ ఆడా మగా కలిసి ఆడేది. అందులో మార్గరెట్ మర్డాక్ మొదటి స్థానంలో ఉన్న పురుషుడితో సమానంగా పాయింట్లు తెచ్చుకుని, టై విడదీశాక రజతం అందుకుంది. 1984లో స్త్రీలకు విడిగా పోటీలు పెట్టారు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో మగవాళ్లకు 60 గుండ్లయితే ఆడవాళ్లకు 40 ఇచ్చారు. ఆ తేడా 2018లో గానీ పోలేదు. మా పిల్ల 60 కాలుస్తుంటే ఆ 20 గుండ్లు నాకు వేరేగా వినిపిస్తాయి.

మా అమ్మమ్మది సూర్యాపేట వైపు. దొరలు వేటకు బయల్దేరితే జంతువులను తరమడానికి ఊరి జనం వెట్టికి పోవాల్సి వచ్చేదని చెప్పేది. ఆ గడీల్లోని వేట తుపాకులే తర్వాత దళాల చేతికి వచ్చాయి. కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన మల్లు స్వరాజ్యం దళ కమాండర్ అయింది. ఆమె తలకు పదివేల వెల కట్టారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక స్త్రీలకు ఏమైందో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చెప్పింది. అవసరమున్నన్నాళ్లు తుపాకి, అవసరం తీరాక పొయ్యి. వాళ్లు కూడా రెండింటికీ పనికొచ్చారు. తమకంటూ ఏం మిగిలిందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు లేదు.

పండగ మర్నాడు నేను తెలుసుకున్నదంతా అన్నకు చెప్పాను. ఒకే తుపాకితో రెండు పనులూ కావని, పందుల సంగతికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టాలని, నష్టపరిహారం అడగాలని, అది వేరే దారి అని. అన్న విన్నాడు గానీ ముఖం విప్పలేదు. "అయితే ఈ యేడు ఆగనియ్. పంట జూసి కొందాం" అన్నాడు. పిల్ల తల వంచుకుంది. ఈ వయసులో ఒక ఏడాది ఆగడమంటే ఆట ఆగిపోవడమే అని ముగ్గురికీ తెలుసు.

అప్పటిదాకా పల్లీలు ఒలుస్తున్న వదిన తలెత్తకుండానే అన్నది. "నా సీరలన్ని కంచెకే కట్టిన. పెండ్లి సీర సుత అండ్లనే ఉంది. నేనేమన్న అడిగిన్నా? దాని తుపాకినన్న దానికుండనియ్యి."

అన్న ఏమీ అనలేదు. ఇరవై రోజులకు సగం డబ్బు పంపాడు. మిగతాది నేను వేశాను. ఒకరు వాడిన రైఫిల్ దొరికింది. బట్‌ను, చెంప ఆనే చోటును పిల్ల ఒంటి కొలతకు సర్దడానికి కోచ్‌కు ఒక పూట పట్టింది. అది చేనుకు పనికిరాదు. ఇంట్లో ఇంకెవరి భుజానికీ సరిగ్గా కుదరదు.

అటవీశాఖకు పెట్టిన దరఖాస్తు ఇంకా కదలలేదు. వదిన ఇంకా రాత్రుళ్లు గట్టు మీదే ఉంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు కంచె నుంచి ఆ పెళ్లి చీర విప్పి తేవాలనుకుంటున్నాను, ఆమె ఒప్పుకుంటే.