ఇంటూ గుర్తు పెట్టిన కిటికీ

పాత బొమ్మకార్డుకి మూడు తేదీలుంటాయి. ఫొటో తీసిన రోజు, కార్డు అచ్చయిన కాలం, ఎవరో దానిమీద రాసి పోస్టు చేసిన రోజు. నాన్న పోయాక ఆయన కాగితాల్లో దొరికిన మద్రాసు మెరీనా కార్డు విషయంలో నాకు కావలసింది మూడోది. రాసింది మా తాతగారి అక్క. పదేళ్ళకే భర్త పోయిన మనిషి. ఆవిడ గురించి మా ఇంట్లో చెప్పుకునేది ఒక్కటే మాట: "పాపం, నెల్లూరు ఇంట్లో పొయ్యి దగ్గరే బతుకంతా వెళ్ళమార్చింది."

బొమ్మలో సముద్రపొడ్డు రోడ్డు, రెండు గుర్రబ్బళ్ళు, వెనకగా గుండ్రటి ముందుభాగమున్న పెద్ద మేడ. జర్మనీలో అచ్చయినట్టు వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంది. 1914లో యుద్ధం రావడంతో అక్కడ అచ్చువేయించడం ఆగిపోయింది కాబట్టి కార్డు అంతకు ముందుదే. అయితే రాసిన రోజు వేరు. పోస్టాఫీసు ముద్రలో ట్రిప్లికేన్ అన్న పేరు తెలుస్తోంది, సంవత్సరం చెరిగిపోయింది. మిగిలిన సాక్షి స్టాంపు. అయిదో జార్జి బొమ్మ, ఆకుపచ్చ రంగు, అరణా. మన దేశంలో 1879లో పోస్టుకార్డు మొదలైనప్పుడు దాని ఖరీదు కాలణా. 1922లో అరణా చేశారు. 1931 చివర మళ్ళీ పెంచారు. అంటే ఆ మధ్య తొమ్మిది పదేళ్ళలో ఎప్పుడో, ఏ కొట్లోనో మిగిలిపోయిన పాత కార్డు కొని రాసిందన్నమాట.

రాసింది నాలుగు వాక్యాలు. "తమ్ముడికి ఆశీస్సులు. లెక్కల పరీక్ష బాగా రాశాను. రాత్రిళ్ళు సముద్రం హోరు వినిపిస్తుంది. అమ్మని బెంగపెట్టుకోవద్దను." కింద "నీ అక్క" అని ఉంది. బొమ్మవైపు తిప్పితే ఆ గుండ్రటి మేడ పై అంతస్తు కిటికీ మీద సిరాతో చిన్న ఇంటూ గుర్తు.

ఆ మేడ ఐస్‌హౌస్. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు నిలవ చేయడానికి 1842లో కట్టారు. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశారు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. 1917లో ప్రభుత్వం కొన్నాక బాలవితంతువుల హాస్టలయింది. దాన్ని నడిపిన సిస్టర్ సుబ్బలక్ష్మి తానూ బాలవితంతువే. 1911లో డిగ్రీ పూర్తిచేసింది. 1922లో మొదలైన లేడీ విల్లింగ్డన్ ట్రెయినింగ్ కాలేజీకి ప్రిన్సిపాలయింది.

వితంతువుల చరిత్ర అనగానే మనకి గుర్తొచ్చేది 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు చేయించిన మొదటి పెళ్ళి. పెళ్ళిళ్ళని లెక్కపెట్టుకున్నాం. మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా పలకా పుస్తకం పట్టుకుని రైలెక్కిన ఆడపిల్లలు ఆ లెక్కలోకి రారు. వాళ్ళని సంస్కరించిన వాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి, వాళ్ళ పేర్లు ఇళ్ళల్లో కూడా ఉండవు. మా వంశవృక్షం అచ్చు పుస్తకంలో తాతగారికి ముగ్గురు అన్నదమ్ములున్నారు, అక్క లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ హాస్టలు బ్రాహ్మణ వితంతువుల కోసం పెట్టింది. అదే కార్డులో, రోడ్డుకి ఇవతల ఇసకలో, తలమీద గంపలతో ఇద్దరు బెస్త స్త్రీలున్నారు. వాళ్ళకోసం ఏ కిటికీ మీదా గుర్తు పెట్టేవాళ్ళు లేరు. మా అక్కయ్యమ్మకి దొరికిన చదువు ఎంత గొప్పదో, ఎంతమందికి దొరకనిదో ఒకే బొమ్మలో ఉంది.

పొయ్యి దగ్గరే బతికిందన్న మాట అబద్ధమేమీ కాకపోవచ్చు. తర్వాత తిరిగొచ్చి వండే ఉంటుంది. కానీ మధ్యలో లెక్కల పరీక్ష రాసి, అది బాగా రాశానని తమ్ముడికి చెప్పుకుంది. మా పిల్లలకిచ్చే వంశవృక్షంలో తాతగారి పేరుకి పైన ఒక గీత గీసి ఇలా రాశాను: అక్క. 1922, 1931 మధ్య మద్రాసు ఐస్‌హౌస్‌లో విద్యార్థిని.