చిత్తుపనికీ మార్కులే

మన పరీక్షల్లో చిత్తుపనికి పరువు లేదు. పేపరు చివర ఓ గీత గీసి, ‘రఫ్’ అని రాసి, ఆనక దాన్ని అడ్డంగా కొట్టేస్తాం. ఇంటర్లో అయితే స్టెప్పులకైనా నాలుగు మార్కులు రాలతాయి. ఈఏపీసెట్ దగ్గరికొచ్చేసరికి ఆ ముచ్చటా లేదు, నాలుగింటిలో ఒకటి నొక్కి లేచిరావడమే. ఇదే దేశంలో, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల్ని మీ చిత్తు పారేయకండి, తెచ్చి చూపించండి అని అడిగే సబ్జెక్టు ఒకటుంది. సీబీఎస్ఈ వాళ్ల పెయింటింగ్.

వందలో థియరీకి 30, చేతిపనికి 70. ఆ డెబ్బైలో ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేసే బొమ్మకు 25, ఊహించి వేసే బొమ్మకు 25, పోర్ట్‌ఫోలియోకు 20. నాకు నచ్చింది ఆ చివరి ఇరవై. తొలి స్కెచ్చు నుంచి పూర్తయిన బొమ్మదాకా ఏడాది పని ఎలా నడిచిందో అందులో కనబడాలి.

వస్తువుల బొమ్మే కదా అని చులకన చేయకండి. ఒక చెంబు, రెండు వంకాయలు, వెనకొక గుడ్డ, కిందొక గుడ్డ. కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. చెంబు మూతి గుండ్రమని అందరికీ తెలుసు, కానీ అక్కడి నుంచి చూస్తే కోలగా ఉంటుంది. తెలిసింది వేస్తే బొమ్మ చెడుతుంది, కనబడింది వేస్తే నిలుస్తుంది. వంకాయ నీడలోకి పక్కనున్న ఎర్రగుడ్డ రంగు కాస్త పాకుతుంది. ఈ సంగతి ఒకసారి పట్టుబడ్డ కన్ను దేన్నీ పైపైన చూసి ఊరుకోదు.

దీని తోడబుట్టింది గ్రాఫిక్స్. కంప్యూటరు జోలి లేని అచ్చుబొమ్మల చదువు. లినోలియం మీదో చెక్క మీదో చెక్కుతారు. చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, వదిలేసిన చోటే సిరా పట్టుకుంటుంది. అచ్చు తీస్తే కుడి ఎడమవుతుంది. పెన్సిలు గీతకు రబ్బరుంది గానీ ఎగిరిపోయిన చెక్కకు మందు లేదు. అందుకే నడుమ నడుమ నమూనా అచ్చు తీసి చూసుకుంటారు. చిత్తుపని ఇక్కడా పెద్దమనిషే.

పెయింటింగ్ పన్నెండో తరగతి పాఠంలో అచ్చుబొమ్మల కళాకారులు సోమనాథ్ హోర్, జ్యోతి భట్, అనుపమ్ సూద్‌ల సరసన మన కె. లక్ష్మాగౌడ్ ఉంటారు, ‘మ్యాన్, ఉమన్ అండ్ ట్రీ’తో. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ కళ చదువుకున్న మనిషి. ఢిల్లీలో ఈ సబ్జెక్టు తీసుకున్న పిల్ల మార్కుల కోసమైనా ఆయన గురించి రాస్తుంది. మెదక్‌లో ఎంపీసీ చదివే కుర్రాడి పుస్తకాల్లో ఆయన పేరే తగలదు.

‘బొమ్మలేస్తే ఉద్యోగమొస్తుందా?’ అంటారు. అడగవలసిన ప్రశ్నే. కొందరు హైదరాబాదులోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట బీఎఫ్ఏలో చేరతారు, ఎక్కువమంది చేరరు. చేరనివాళ్లకే ఈ చదువు మరీ అవసరమని నా వాదన. రేపు ఇంజనీరైనా డాక్టరైనా, తన తొలి ప్రయత్నాన్ని బల్లమీద పరిచి, ఎక్కడ చెడిందో, ఎలా సర్దుకొచ్చాడో చెప్పగలవాడి మాటే నేను నమ్ముతాను. మన ఎంపీసీ, బైపీసీల పక్కన దీనికింత చోటిస్తే ర్యాంకులేమీ కూలిపోవు.