అంచు అల్లేవారి లెక్క



సంఘకాపరి క్రోషా అల్లికను గూర్చి వ్రాయడమేమిటని కొందరికి నవ్వు రావచ్చును. అయితే గోదావరి డెల్టాలో సేవ చేసేవారము ఏ యింటికి ప్రార్థనకు వెళ్ళినా, అరుగు మీద ఒక దారపు ఉండ, ఒక సన్నని కొక్కెపు సూది కనబడుతూనే ఉంటాయి. మా ఇంట్లో పాస్టరమ్మగారి పెట్టెలోనూ అవే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఈ చేతుల మధ్య తిరిగినందువలన అల్లడం మాకు రాకపోయినా కుట్లు లెక్కపెట్టడం వచ్చింది. ఈ మాసము అంచు పనిని గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. రుమాలు గాని, తలగడ గలీబు గాని, ప్రభువు బల్ల మీద పరచే వస్త్రము గాని, చూచేవారి కన్ను మొదట ఆగేది అంచు దగ్గరే. కూలి కట్టేటప్పుడు మాత్రము ఆ అంచునే మరచిపోతారు.

మా వైపు లేసు పని మిషనరీల కాలములో వచ్చినది. స్కాట్లండు నుండి వచ్చిన మాక్రే దంపతులు 1844లో ఇక్కడి స్త్రీలకు దీనిని నేర్పారని నరసాపురములో చెప్పుకొంటారు. దాదాపు అదే కాలమున ఐర్లాండులో 1845 మొదలు బంగాళాదుంప పంటకు తెగులు తగిలి గొప్ప కరవు వచ్చినప్పుడు, కాలర్లకూ చేతి మడతలకూ క్రోషా అంచులు అల్లి అమ్ముకొని ఎన్నో కుటుంబములు ప్రాణములు నిలుపుకొన్నాయి. అక్కడ కన్యాస్త్రీల మఠములలో కూడ ఈ పని నేర్పారు. కనుక క్రోషా అంచు మొదటి నుండి వట్టి అలంకారము కాదు, పొయ్యి మీద కుండతో ముడిపడినదే. మన నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది.

ఇక పని విషయము. అంచు వంకర పోవడానికి కారణము చాలావరకు మొదటి వరుసలోనే ఉంటుంది. పువ్వుల వరుస ఎంత అందముగా వేసినా దాని క్రింద సింగిల్ కుట్లతో సాదా వరుస ఒకటి చుట్టూ వేయకపోతే అంచు నిలవదు. ఈ వరుసకు మామూలుగా వాడే సూది కన్న ఒక సైజు సన్నని సూది తీసికొంటే కుట్టు బిగువుగా వస్తుంది. కొత్తగా నేర్చుకొనే పిల్లలకు ఒక మాట: స్టీలు సూదులలో అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. దారములోనూ అంతే, 40 నంబరు కన్న 60 నంబరు సన్నము.

అల్లిన ముక్కకు పైనా క్రిందా కుట్టుకొక కుట్టు వేసుకొంటూ పోవచ్చును. చిక్కు వచ్చేది ప్రక్కలలో. అక్కడ సింగిల్ వరుస చివరకు ఒక కుట్టు, డబుల్ వరుస చివరకు రెండు కుట్లు లెక్క. మూలకు వచ్చినప్పుడు ఒకే రంధ్రములో మూడు కుట్లు వేయాలి. వేయకపోతే మూల లోపలికి ముడుచుకొంటుంది. వరుస పూర్తి అయ్యాక ముక్కను బల్ల మీద పరచి చూడండి. అంచు అలలు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువైనట్లు, గిన్నెలాగ లోపలికి వంగితే తక్కువైనట్లు. ఇస్త్రీ చేస్తే సర్దుకొంటుందిలే అనుకోవద్దు. మొదటి ఉతుకుతోనే మళ్ళీ లేస్తుంది. ఆ వరుస విప్పి వేయడమే మేలు, విప్పేది ఒక్క వరుసే గదా.

మిషను కుట్టిన గుడ్డకు అంచు వేయాలంటే దారి వేరు. ముందు గుడ్డను ఉతికి ఆరవేయాలి. ఉతకని నూలు గుడ్డ తరువాత కుదించుకొనిపోతే చుట్టూ ఉన్న లేసు ముడతలు పడుతుంది. రంగు దారమైతే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూచుకోవాలి. ఆ పైని గుడ్డ అంచును సన్నగా చుట్టి మడిచి, దాని మీద కాజా కుట్టు సమానమైన ఎడముతో వేసికొని, ఆ కుట్లలోనికి క్రోషా సూదిని దించాలి. సూదితో గుడ్డనే పొడిచి అల్లేవారు కూడ ఉన్నారు గాని, పలుచని గుడ్డ అయితే ఆ రంధ్రముల దగ్గరే చినుగుతుంది.

అన్నిటిలో ఎక్కువమంది వేసేది రేకుల అంచు. రెండు కుట్లు విడిచి, మూడవ కుట్టులో ఐదు డబుల్ కుట్లు వేస్తే విసనకర్రలాగ విచ్చుకొంటుంది. మళ్ళీ రెండు విడిచి తరువాతి దానిలో ఒక సింగిల్ వేస్తే రేకు క్రిందికి దిగి కూర్చుంటుంది. అంటే ఒక్కొక్క రేకుకు ఆరు కుట్లు కావాలి. ప్రతి ప్రక్కనూ ఒక మూల కుట్టుతో కలిపి లెక్కపెట్టినప్పుడు ఆరుతో శేషము లేకుండా భాగింపబడితే నాలుగు మూలలూ ఒక్కలాగే వస్తాయి. మూల కుట్టులో రేకు పడేటట్లు చూచుకొని, అక్కడ ఐదుకు బదులు ఏడు డబుల్ కుట్లు వేయండి. లెక్కకు ఒకటి రెండు కుట్లు తేడా వస్తే సాదా వరుసలోనే, ప్రక్క నడిమిన ఎక్కడో ఒక కుట్టు కలిపి గాని విడిచి గాని సర్దాలి. మూలలో సర్దితే ఊరందరికీ కనబడుతుంది. రేకు కొనన మూడు చైన్లు వేసి మొదటి చైనులోనికి లాగితే చిన్న మొగ్గ వస్తుంది. రుమాలుకు ఈ మొగ్గలు ముద్దుగా ఉంటాయి గాని, తలగడ గలీబుకు మాకు ఇష్టము లేదు. పడుకొన్నవారి చెంప మీద అచ్చు పడుతుంది!

గట్టి అంచు కావలసినచోట, అంటే సంచి నోటికి, పసిపిల్లల స్వెట్టరు చేతులకు, వెనుకకు అల్లే సింగిల్ వరుస మంచిది. కుడి చేతివారు ఎప్పుడూ కుడి నుండి ఎడమకు అల్లుతారు గదా, దీనిని ఎడమ నుండి కుడికి, పీత నడిచినట్లు అల్లాలి. మెలివేసిన త్రాడులాగ వస్తుంది, సాగదు. మొదట చెయ్యి మొండికేస్తుంది, ఓ జానెడు అల్లాక అలవాటవుతుంది.

అంచు చినగకుండా కాపాడుతుందనే మాట పాతదే. నిర్గమకాండము 28వ అధ్యాయములో యాజకుని నిలువుటంగీని గూర్చి చదివితే, మెడ చుట్టూ నేత గోటు వేయించినది అది చినగకుండా ఉండుటకే అని ఉన్నది. క్రింది అంచుకు దానిమ్మపండ్లు, బంగారు గంటలు. ఉపయోగమూ అందమూ రెండూ ఒకే వస్త్రమునకు చెప్పబడినవి. వాటిని చేసినవారిని వివేకహృదయులని వేరుగా చెప్పడమూ అక్కడే ఉన్నది.

ఇప్పుడు కూలి సంగతికి వద్దాము. 36 అంగుళముల చదరపు బల్ల గుడ్డ తీసికోండి. చుట్టూ 144 అంగుళములు, అంటే నాలుగు గజములు. సన్నని దారముతో అంగుళమునకు 8 కుట్లు వేసికొన్నా మొదటి సాదా వరుసకే 1152 కుట్లు. దాని మీద 192 రేకులు. రేకుకు ఐదు డబుల్, ఒక సింగిల్ గనుక రెండవ వరుసకూ మళ్ళీ 1152. మూలలలో వేసే అదనపు కుట్లు, మొగ్గలు లెక్కలోనికి తీసికోకుండానే 2304 కుట్లు! తరువాత దారపు కొనలను ముడి వేయకుండా కుట్లలోనికి దాచడము, ఉతకడము, పలుచని గంజి పెట్టి ఒక్కొక్క రేకును గుండుసూదితో లాగి ఆరవేయడము ఉన్నాయి. ఇంత చేసిన స్త్రీని ఏమి చేస్తావమ్మా అని అడిగితే, “ఏమీ లేదండి, ఇంట్లోనే ఉంటాను” అంటుంది.

మారియా మీస్ అనే జర్మను పండితురాలు నరసాపురము లేసు స్త్రీల మధ్య తిరిగి వ్రాసిన పుస్తకము 1982లో అచ్చయినది. రోజుకు ఎన్నో గంటలు అల్లేవారిని కూడ గృహిణులుగానే చూచి, వారి పనిని తీరిక వేళల కాలక్షేపముగా లెక్కగట్టారని, అందువలననే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె చూపించారు. వర్తకము పురుషుల చేతిలో, సూది స్త్రీల చేతిలో ఉండెను. ఆ పుస్తకము వచ్చి నలభై యేండ్లు దాటినా “తీరిక వేళ” అనే మాట మన నోటి నుండి పోలేదు. బజారులో మీటరు లెక్కన దొరికే మిషను లేసు చౌక అని మరొక మాట వస్తుంది. నిజమే. అయితే బజారులోని ఆ మిషను లేసు అసలైన క్రోషా కుట్టు కాదు, దాని పోలిక మాత్రమే.

ఈ మాట మా సంఘములోనే వచ్చింది. ప్రభువు బల్ల మీద వస్త్రము పాతబడినప్పుడు, స్త్రీల సమాజములోని విధవరాలైన ఒక సహోదరి కొత్త గుడ్డకు అంచు అల్లి ఇచ్చినది. కమిటీ లెక్కల పుస్తకములో గుడ్డ ఖరీదు, దారము ఖరీదు వ్రాసి మొత్తము కూడినారు. అల్లిక కూలి ఏదని అడిగాము. “అయ్యగారూ, దేవుని పనికి కూలి ఏమిటండి? ఆమె కానుకగా చేసింది గదా” అన్నారు ఒక పెద్ద. ఆమెను అడిగారా అన్నాము. ఎవరూ అడగలేదు. పందిరి వేసినవానికి, మైకు తెచ్చినవానికి, గోడకు సున్నము కొట్టినవానికి అదే పేజీలో కూలి వ్రాసి ఉన్నది, వారిలో ఇద్దరు మన విశ్వాసులే. పేజీ త్రిప్పి ఆ వరుసలు చూపించాము. కాసేపు ఎవరూ మాటలాడలేదు.

ఆమెను పిలిపించి అడిగితే ఆమె తల దించుకొని, “దారము నాదైతే కానుక అనేదాన్నండి. పనికి ఇస్తే పిల్ల ఫీజుకు అక్కరకొస్తుంది” అన్నది. ఎన్ని గంటలు పట్టిందో ఆమెకే తెలియదు. అన్నము ఉడికేలోగా కొంత, దీపాలు పెట్టాక కొంత అల్లినది. చివరకు పై 2304 కుట్ల లెక్క కాగితము మీద వేసి చూపించాక, కమిటీవారు మేస్త్రీ రోజు కూలిని కొలతగా తీసికొని మొత్తము ఒకటి నిర్ణయించారు. అది సరిపోయినంత అని మేము అనుకోము. కాని పుస్తకములో “అంచు పని, కూలి” అని ఒక వరుస పడినది, ఎదుట ఆమె సంతకము ఉన్నది.

ఇప్పుడు ప్రసంగపు బల్లకు గుడ్డ కావాలన్నారు. ఈసారి ఆమె ముందుగానే ధర చెప్పి, కొలత తీసికొని వెళ్ళింది. ప్రక్కకు 27 అంగుళములు. అంగుళమునకు 8 కుట్ల చొప్పున 216, ఆరుతో భాగిస్తే ప్రక్కకు 36 రేకులు. శేషము లేదు.