పూరీ తీరమున తెలుగు పలుకు

పూరీ యనగానే మనవారికి జగన్నాథస్వామియు, రథోత్సవమును, సముద్రస్నానమును స్ఫురించును. ఆ మూడును ముగించుకొని, కాజాలు మూటగట్టి, మరునాటి రైలెక్కుట పరిపాటి. మేము నాలుగు దినములు నిలిచితిమి గావున దేవునితోపాటు ఆ యూరి మనుష్యులను గూడ కొంత చూడగలిగితిమి.

2011 సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ పట్టణ జనసంఖ్య రెండు లక్షలకు స్వల్పముగా మించినది. వేయిమంది పురుషులకు 927 మంది స్త్రీలు. కాని యే దినమున ఆ వీథులలో నెందరు జనులుందురో ఆ లెక్క చెప్పజాలదు. ఆషాఢ శుద్ధ విదియనాడు రథములు కదలునప్పుడు వచ్చువారు లక్షలకొలది. దసరా సెలవులలో వంగదేశీయులు పిల్లాపాపలతో దిగుదురు. అందుచేతనే బజారులో దుకాణదారుడు మొదట వంగభాషలో పలుకరించి, మనము తెల్లమొగము వేసినచో హిందీకి మారును. పండాలు, సత్రములు, హోటళ్లు, రిక్షాలు, గవ్వబొమ్మల దుకాణములు — ఊరి బ్రతుకెల్ల పరస్థలమునుండి వచ్చువాని సంచిపై నాధారపడి యున్నది.

ఆలయమును 12వ శతాబ్దిలో కట్టింప నారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు మనకు పరాయివాడు కాడు. ఆయన వంశీయుల పూర్వరాజధాని యగు కళింగనగరము మన శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగ ప్రాంతమే. ఆలయపు వంటశాలలో మట్టికుండల నొకదానిపై నొకటి పేర్చి కట్టెలపొయ్యిపై వండుదురు. ఆ ప్రసాదము ఆనందబజారున కులభేదము లేక అందరును కలసి భుజింతురు. ఇన్నివేల నోళ్లకు వండునట్టి యా వంటవారందరును పురుషులే! ఇంట గరిటె ముట్టుటకు నామోషీపడు మగవారి నొకసారి పూరీకి పంపవలెనని మాలో నొకరు హాస్యమాడిరి.

గోల్డెన్ బీచి యను స్నానఘట్టమునకు 2020లో శుభ్రతకై 'బ్లూ ఫ్లాగ్' అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. ఇసుకలో చెత్తకాగితము కూడ కానరాదు. అచటినుండి తీరము వెంబడి తూర్పుగా నడచితిమి. హోటళ్లు తగ్గినవి, ఎండుచేపల వాసన యెదురైనది, అంతలో 'ఓలమ్మా, తట్ట ఇటు దింపు' అను కేక వినబడినది. చెవులను నమ్మలేక పోతిమి. అదియే పెంటకోట. అనకాపల్లి జిల్లా పాయకరావుపేట కడ సముద్రతీరమున నున్న జాలరుల గ్రామమునకును ఇదే పేరు. ఇచటి జనులలో పెక్కురు మన శ్రీకాకుళ విశాఖ తీరములనుండి తరతరాల క్రిందట వలసవచ్చిన వాడబలిజలు. ఒడియావారు వీరిని 'నొలియా'లని పిలుతురు. బొంగరమువలె మొనదేరిన టోపి ధరించి, యాత్రికుల చేయిపట్టి సముద్రస్నానము చేయించువారు వీరే. పూరీ కెరటము లోపలికి లాగును. ఈతగాండ్ర నైనను లెక్కసేయదు. నొలియాల చేతులే లేకున్న ఎన్ని కుటుంబములు ఆ తీరమునుండి యేడ్చుచు మరలియుండునో!

మగవారు తెల్లవారుజామున పడవలపై పోవుదురు. దుంగలు కట్టిన తెప్పల స్థానమున నేడు యంత్రము బిగించిన ఫైబరు పడవలు ఎక్కువైనవి. పడవ యిసుకను తాకగానే పని స్త్రీలది. వంజరము, చందువ మొదలగు విలువగల చేపలు వేలములో వర్తకుల పాలగును. కవళ్లు, నెత్తళ్లు స్త్రీలు తట్టల కెత్తి యిల్లిల్లు తిరిగి యమ్ముదురు. మిగిలినవానిని ఉప్పుబెట్టి ఎండబెట్టుదురు. బేరమాడునదియు, అప్పు తీర్చునదియు, పిల్లల ఫీజు కట్టునదియు ఆమెయే.

వల బాగుచేయుచున్న యొక ముసలమ్మను 'మీదే యూరమ్మా?' అని యడిగితిమి. 'నాను పుట్టిందీ ఇక్కడే నమ్మా. మా తాత వచ్చీసినాడంట. పిల్లలు ఇంటికాడ తెలుగు మాటాడతారు గానీ, అచ్చరాలు మాత్రం ఒడియావే' అనినది. ప్రక్కన నున్న మనుమరాలు తన పుస్తకము తెచ్చి చూపినది. గుండ్రని యొడియా యక్షరములు ముత్యములవలె వ్రాసినది. తన పేరు తెలుగున మేము ఇసుకపై వ్రాసి చూపగా, బొమ్మను చూచినట్లు చూచినది. ఉద్యోగమునకు ఒడియాయే కావలెను గావున తల్లిదండ్రులను తప్పుపట్టలేము. అయినను మాకు మనసు కలుక్కుమన్నది.

2019 మే 3వ తేదీ ఉదయమున 'ఫణి' తుపాను పూరీ చెంతనే తీరము దాటినది. ఒడిశాలో పది లక్షలకు పైగా జనులను ముందుగానే సురక్షిత స్థలములకు తరలించుటచే ప్రాణనష్టము 1999 నాటి మహాతుపానుతో పోల్చిన మిక్కిలి తక్కువ. కాని ప్రాణము దక్కినవారికి పైకప్పు దక్కలేదు. హోటళ్లు అద్దములు మార్చుకొని మరల తలుపులు తెరచినవి. ఇసుకలో గుడిసె పోయినవానికి మరల కట్టుకొనుటకు, ఈ నేల నాదియను కాగితము ముందు కావలెను. ఒడిశా ప్రభుత్వము 2017లో పట్టణములలోని పేదవాడల వారికి నివేశనస్థలముపై హక్కు నిచ్చు చట్టము చేసినది. అందు వివాహితులకు భార్యాభర్త లిరువురి పేర పత్రము వ్రాయవలెనను నియమము మాకు మిక్కిలి నచ్చినది. భర్త సముద్రముపై నుండగా ఇల్లు కాచునది ఆమెయే గదా!

పూరీకి పోవు సోదరీమణులకు ఒక మాట. తిరుపతినుండి విశాఖ మీదుగా నేరుగా రైలు కలదు. స్నానమునకు దిగునప్పుడు నొలియాను తప్పక వెంట నుంచుకొనుడు. కూలి ముందే మాటాడుకొనుడు. హిందీలో తడబడ నక్కరలేదు. తెలుగున పలుకరింపుడు. మాకు తోడు వచ్చిన నొలియా మా పలుకు విని, 'మనోళ్లే' యని టోపి సవరించుకొని, బేరమాడక మమ్ము కెరటములలోనికి నడిపించినాడు.