తట్టి చూస్తే చాలునా?

రంజన్ కొనేటప్పుడు మా నాయనమ్మ వేలి కణుపుతో తట్టి చూసేది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీట ఉన్నట్టు. అదే శాస్త్రం మెకానికల్ ల్యాబులో నా నెత్తిన పడుతుందని ఎవరనుకున్నారు!

మన ఇబ్రహీంపట్నం మండలం ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన టాటా-బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు తయారవుతాయి. ఆ దారిన బస్సులో పోయేవాళ్లకు విమానాల పిచ్చి పట్టకుండా ఉంటుందా? నాకూ పట్టింది. అయితే నన్ను ఆకట్టుకున్నది లోహం కాదు, పొరల పదార్థం, కాంపోజిట్. మన తేజస్ యుద్ధవిమానం చట్రం బరువులో సుమారు 45 శాతం ఇదే. కార్బన్ నారను రెసిన్‌తో తడిపి, పొర మీద పొర పేర్చి, వేడిలో గట్టిపరుస్తారు. నార వెంట బలం బ్రహ్మాండం. పొరకూ పొరకూ నడుమ ఉన్నది మాత్రం ఆ జిగురే. పైనుంచి ఒక స్పానర్ జారిపడిందనుకోండి. పైకి సొట్ట కూడా కనపడకపోవచ్చు, లోపల పొరలు విడిపోతాయి. తర్వాత నొక్కుడు బలం పడితే ఆ విడిన పొరలు దేనికది వంగిపోతుంది. ఇక చెప్పేదేముంది!

మా సార్ 8 పొరల గాజునార పలక ఒకటి చేయించి, లోపల ఎక్కడో టెఫ్లాన్ ముక్క దాచారు. "కోయకుండా వెతకండి బాబూ" అన్నారు. పలక రెండు ముఖాలకూ ఎదురెదురుగా పీజో బిళ్లలు అంటించాం. రెండూ ఒకేసారి సాగి ముడుచుకుంటే సాగే తరంగం పుడుతుంది. ఒకటి సాగుతున్నప్పుడు రెండోది ముడుచుకుంటే పలక వంగుతూ పోయే తరంగం. ఈ రెండు కుటుంబాల లెక్క హోరేస్ లాంబ్ 1917లోనే కట్టి పెట్టాడు.

సాగే తరంగం నిక్షేపంగా అవతలికి చేరింది. "సార్ ఆట పట్టిస్తున్నార్రా" అన్నాడు మా బ్యాచ్‌లో ఒకడు. వంగే తరంగం పంపాం. ఆలస్యంగా వచ్చింది, వెనకాల చిన్న ప్రతిధ్వనులతో సహా!

ముక్క సరిగ్గా 4, 5 పొరల మధ్య ఉంది. అక్కడ ఒక మందపు పలక బదులు రెండు పలుచని పలకలున్నట్టు లెక్క. తక్కువ పౌనఃపున్యంలో వంగే తరంగం వేగం మందం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే వేగం సుమారు 70 శాతానికి దిగుతుంది. సాగే తరంగానికి నట్టనడుమ జారుడు ఒత్తిడి సున్నా, కనుక అక్కడ పొరలు కలిసున్నా విడిపోయినా దానికి ఒకటే. ఆ మొదటి రీడింగు చూసి పాసు ముద్ర కొట్టేవాడి చేతిలో విమానం పడితే? నాకైతే వెన్ను జలదరించింది.

మరుసటి వారం ఇంకో పలక. ఈసారి సాగే తరంగం కూడా తడబడింది, కొంత వంగే తరంగంగా మారి బయటికొచ్చింది. అంటే విడిన చోటు నడిమధ్య కాదు. 2, 3 పొరల మధ్య అని ముందు చెప్పినవాడికి సార్ చాయ్ తాగించారు. వాడు నేను కాదు లెండి.