తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు

వరుస హత్యల మీద డాక్యుమెంటరీ సిరీస్ ఏది వచ్చినా ప్రేక్షకుల్లో ఒక వర్గం నుంచి అదే అసంతృప్తి వినిపిస్తుంది: హంతకుడి గురించి సరిగా చెప్పలేదని. వాడి బాల్యం ఎలా గడిచింది, ఎందుకు చంపాడు అన్నవి తెలుసుకుందామని కూర్చుంటే పోలీసుల గొడవ, ఊళ్ల గొడవ చూపించారని విసుక్కుంటారు. 2020 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన నాలుగు భాగాల ‘ది రిప్పర్’ అలాంటివారిని నిరాశపరుస్తుంది. నా దృష్టిలో ఆ సిరీస్ విలువంతా అక్కడే ఉంది. హంతకుణ్ణి పక్కకు జరిపి, అయిదేళ్లపాటు అతన్ని తిరగనిచ్చిన వ్యవస్థను అది మన ముందు నిలబెట్టింది.

పీటర్ సట్‌క్లిఫ్ అనే లారీ డ్రైవరు 1975–80 మధ్య ఉత్తర ఇంగ్లండులో 13 మంది స్త్రీలను చంపాడు. పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. వివరాలన్నీ కార్డుల మీద రాసిపెట్టుకునే కాలంలో ఒకదానితో మరొకటి సరిచూసుకోవడం కష్టమే, నిజం. కానీ అంతకన్నా పెద్ద లోపం అధికారుల చూపులో ఉంది. మొదట చనిపోయిన స్త్రీలను బట్టి హంతకుడికి వేశ్యల మీదే పగ అని వాళ్లు తేల్చేసుకున్నారు. 1977లో దుకాణంలో పనిచేసే 16 ఏళ్ల అమ్మాయి హతమైనప్పుడు, ఒక ‘అమాయకురాలు’ బలైపోయిందన్నారు. మరి అంతకుముందు పోయిన తల్లులు, బిడ్డలు ఏ నేరం చేశారు? ఆ ఊహకు లొంగని దాడులను, బతికి బయటపడినవాళ్లు చెప్పిన ఆనవాళ్లను పక్కనపెట్టారు. 1979లో హంతకుణ్ణి నేనేనంటూ సండర్లాండ్ యాసలో ఒక టేపు వచ్చింది. ఆ యాస లేనివాళ్ల మీద అనుమానం సడలింది. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండే సట్‌క్లిఫ్‌కు అది కలిసొచ్చింది. ఆ తర్వాత మరో ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ టేపు పంపిన మోసగాడికి 2006లో గానీ శిక్ష పడలేదు. సట్‌క్లిఫ్ మాత్రం 1981 జనవరిలో, కారుకు దొంగ నంబరు ప్లేటు పెట్టుకుని షెఫీల్డ్‌లో గస్తీ పోలీసుల కంటపడి దొరికాడు.

హంతకుడి మనసు తెలిస్తే రేపు అలాంటివాణ్ణి ముందే పసిగట్టవచ్చు కదా అని కొందరంటారు. కానీ ఆ మనసు గురించి మనకు చెప్పేదెవరు? దేవుడి గొంతు వినిపించి చంపానని సట్‌క్లిఫ్ కోర్టులో చెప్పుకున్నాడు. మతిస్థిమితం లేదన్న ఆ వాదనను జ్యూరీ ఒప్పుకోలేదు. 2019లో టెడ్ బండీ అనే మరో వరుస హంతకుడి మీద వచ్చిన సిరీస్‌లో అతని గొంతే వినిపిస్తుంది. దాన్ని చూసి అతని అందం గురించి ముచ్చటించుకున్నవాళ్లకు, ఇక ఆపమని నెట్‌ఫ్లిక్సే చెప్పాల్సి వచ్చింది. ఇలాంటివి చూస్తే ఆడపిల్లలు జాగ్రత్తపడతారన్నది ఇంకో వాదన. యార్క్‌షైర్ పోలీసులు కూడా రాత్రిపూట బయటికి రావద్దని స్త్రీలకే చెప్పారు. తప్పు చేసేది మగవాడైతే ఇంట్లో బందీలం మేమెందుకు కావాలంటూ 1977 నవంబరులో లీడ్స్ వీధుల్లో స్త్రీలు రాత్రిపూట ఊరేగారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. 1980లో చివరిగా హతమైన విద్యార్థిని బస్సు దిగి, దగ్గర్లోనే ఉన్న తన వసతిగృహానికి నడిచి వెళుతోంది. ఇంతకు మించి ఏం జాగ్రత్త పడాలి?

ఒక అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చలేను. ‘ది రిప్పర్’ అంటూ సిరీస్‌కు హంతకుడి మారుపేరునే పెట్టడం బాధితుల కుటుంబాలను నొప్పించింది. వాళ్లు బహిరంగంగానే వ్యతిరేకించారు. వాళ్ల మాటే సరైనది. లోపల స్త్రీల పక్షాన నిలబడి, పైన హంతకుడి పేరుతో అమ్ముకోవడం తప్పే. అయితే ఆ పేరు అమ్ముడుపోతున్నది మన ఆసక్తి వల్లనే. ఆనాటి అధికారులు వాడిన భాషకు వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు క్షమాపణ చెప్పింది 2020 నవంబరులో, సట్‌క్లిఫ్ చనిపోయాక. ఆ కుటుంబాలు అడగబట్టే అది వచ్చింది. ప్రేక్షకులం మనమూ ‘వాడెందుకు చంపాడు’ అని ఆగిపోకుండా ‘వీళ్లెందుకు వినలేదు’ అని గట్టిగా అడిగితే, ఇలాంటి సిరీస్‌లు తీసేవాళ్లూ ఆ ప్రశ్నకే జవాబు వెతకక తప్పదు.