లారీ కట్టుకున్న కుచ్చులు

ఆటోనగర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? గ్రీజు మరకలు, వెల్డింగ్ మెరుపులు, లేత్ మిషన్ల గోల... అంతేగా! నాకు మాత్రం కుచ్చులు గుర్తొస్తాయి. నవ్వకండి. ఈసారి బెజవాడ వచ్చినప్పుడు ముస్తాబైన లారీ క్యాబిన్‌లోకి ఓసారి తొంగి చూడండి. అద్దం పైన శాటిన్ జాలరు, డ్రైవర్ పడుకునే చోట పరదా, దాని అంచుకి ఒత్తుగా కుచ్చులు. మన ఇంటి కిటికీకి కూడా అంత సోకు ఉండదు!

చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాద్–మచిలీపట్నం రహదారి కలిసే చోటు బెంజి సర్కిల్. అక్కణ్ణించి బందరు రోడ్డు పట్టుకుని పటమట వైపు వెళ్తే ఆటోనగర్ వస్తుంది. పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. 1966లో మొదలైంది. డెల్టా ధాన్యం, కొల్లేటి చేపలు, అన్నీ లారీ ఎక్కాల్సిందే కాబట్టి ఆ లారీలకి ఒళ్లు తొడిగే పని ఇక్కడ పెరిగింది. ఒట్టి ఛాసిస్‌గా వచ్చిన బండి వెల్డర్, వడ్రంగి, పెయింటర్ చేతులు దాటి చివర్లో కుట్టు షాపుకొస్తుంది. సీట్లు, పరదాలు, జాలర్లు... అలంకారమంతా అక్కడే.

నేను వెళ్లిన షాపులో ఓ పెద్దాయన మిషన్ మీద ఉన్నారు. 'బాబాయ్, కుచ్చు ఇంత సమానంగా ఎలా వస్తుంది?' అని అడిగితే, 'లెక్కమ్మా, అంతా లెక్కే' అన్నారు. ఆ లెక్క ఇదీ. అయిదడుగుల జాలరు కావాలంటే పదడుగుల గుడ్డ తీసుకోవాలి. ఒత్తుగా కావాలంటే పన్నెండున్నర. ముందు కింది అంచు మడిచి కుట్టేయాలి. తర్వాత పై అంచు వెంబడి పొడవాటి టాకాలతో, అంటే నాలుగైదు మిల్లీమీటర్లతో, రెండు వరసలు వేయాలి. చివర్లో రివర్స్ కుట్టు వేయకూడదు, దారం వదిలేయాలి. రెండు వరసల కింది దారాల్నీ కలిపి మెల్లగా లాగితే గుడ్డ దానంతటదే ముడుచుకుంటుంది. గుడ్డనీ పట్టీనీ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని గుర్తుకి గుర్తు కలిపితే కుచ్చు ఒకచోట పోగుపడదు. అసలు కుట్టు ఆ రెండు వరసల మధ్య పడాలి.

రెగ్జిన్‌కి ఈ పప్పులు ఉడకవు. మందం కదా, దారం లాగితే ముడవదు. దాన్ని మడతలు పెట్టే కుట్టాలి. గుండుసూది గుచ్చితే ఆ చిల్లు అలాగే ఉండిపోతుంది, అందుకే క్లిప్పులు. టాకాలు మరీ దగ్గరగా వేస్తే స్టాంపు చింపినట్టు ఆ గీత మీదే చిరుగుతుంది.

ఇంట్లో దిండు గలీబుకో, పాప గౌనుకో, కిటికీ తెరకో ఇదే పద్ధతి పనికొస్తుంది. వన్‌టౌన్ వస్త్రలతలో గుడ్డ కొనేటప్పుడు మాత్రం కుచ్చుకి రెండింతలు లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీ నుంచే క్యాబిన్‌తో సహా తయారై వచ్చే లారీలు పెరిగాయి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్ల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి. మే నెల బెజవాడ ఎండలో బండి నడిపే డ్రైవరన్నకి ఇది నిజంగా మంచి కబురు. కాకపోతే అన్నీ అమర్చిన క్యాబిన్‌కి ఈ షాపులో కుట్టాల్సింది తక్కువే. బాబాయ్ దగ్గర ఒకప్పుడు నలుగురు కుర్రాళ్లు పని నేర్చుకునేవాళ్లట, ఇప్పుడు ఒక్కడే. లారీ పరదాల కంటే కారు సీటు కవర్లు, ఆటో టాపులే ఎక్కువ వస్తున్నాయట.

డ్రైవర్ సుఖం ముఖ్యం, కాదనలేం. కానీ నెలలో సగం రోజులు రోడ్డు మీదుండే మనిషికి ఆ క్యాబినే ఇల్లు. ఇల్లన్నాక చల్లదనం ఒక్కటే చాలదు, తనకి నచ్చిన రంగు తెర కూడా ఒకటుండాలి. ఆ తెర కుట్టే చేయి ఆటోనగర్‌లో ఇంకా ఉంది. మీ ఇంటికో కుచ్చుల తెర కావాలంటే, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఓసారి అటువైపు వెళ్లి అడగండి.